తాడు కట్టిన చరోటా

ఆ రోజుల్లో అడవి ఎర్రగా ఉంటుందని, పరాయి రాష్ట్రంలో ఉక్కు ప్లాంటు పక్కనున్న మా ఖుర్సీపార్‌లో ఎవరికైనా చెబితే, పాపం పిల్లకి వడదెబ్బ తగిలిందనుకునేవారు. కానీ ఉపగ్రహం తీసిన ఫోటోల్లో పచ్చటి చెట్లన్నీ ఎర్రగానే పడేవి. ముదురు ఎరుపైతే దట్టమైన అడవి, లేత ఎరుపైతే పొదలో, గడ్డో. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న నాకు, మా ఊళ్లోనే రిసాలి పేటలో ఒక చిన్న సర్వే ఆఫీసులో ఆ ఎర్ర మచ్చల చుట్టూ ట్రేసింగ్ కాగితం మీద గీతలు గీసే పని దొరికింది. (బడిలో భారతదేశం పటం గీయమంటే గుమ్మడికాయ గీసిన చెయ్యి ఇది!) ప్లాంటులో కొలిమి దగ్గర పనిచేసే మా నాన్న ఆ ఫోటో చూసి, "అడివేటే ఇది? మా కొలిమిలాగుంది" అని తేల్చేశాడు.

గీసింది నిజమో కాదో అడవికెళ్లి చూసుకోవాలి. నాకా, వెళ్లాలని ప్రాణం కొట్టుకుపోయేది. "ఈసారి రామ్మా. పని బాగా చేస్తే ప్రతిసారీ తీసుకెళ్తా, లేదంటే బల్ల దగ్గరే" అన్నారు ఆఫీసు సారు. "మొగోల్లతో అడివికేటే? మీ అత్తొస్తేనే ఎల్లు" అన్నాడు నాన్న. మా మేనత్త ఇంకో మాట అడగలేదు. జీపు ఎక్కొచ్చని కొత్త చీర కట్టేసింది.

వానలు మొదలైన రోజులు. సారు ఒకచోట నాలుగు మేకులు దిగ్గొట్టి, చుట్టూ తాడు కట్టించి, "ఇందులో ఉన్న ప్రతి మొక్కనీ లెక్కపెట్టాలి. ముందు ఆ చెట్ల చుట్టుకొలతలు తీసుకొద్దాం" అన్నారు. టేపు పట్టుకుని ఆయన వెనకాలే గర్వంగా నడిచాను. తిరిగొచ్చేసరికి తాడు తాడులాగే ఉంది, లోపల మాత్రం నున్నగా మట్టి. పక్కన మా అత్త, ఒడి నిండా చరోటా భాజీ, అదే, ఇక్కడి వాళ్లు వండుకునే ఆకుకూర.

"ఏటత్తా ఇది!" అన్నాను ఏడుపుగొంతుతో.

"ఏటంటావేటే? మనకోసరమే కదా తాడు కట్టినారు!"

అత్త తప్పేం లేదు. మా క్వార్టర్ల వెనక ఖాళీ జాగాలో ఎవరు ముందు తాడు కడితే ఆ కూరమడి వాళ్లదే.

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇందులో లోపలివి ఏవి, బయటివి ఏవి తల్లీ?"

"లేతయి లోపలివి బాబూ. కొన్ని బయట కూడా కోసినాను, మీ ఇంటికి కూడా సరిపోవాల కదా!"

నేను జీపు వెనక్కి వెళ్లి నక్కాను. నా అడవి అయిపోయింది, ఇక బల్లే. అత్త లేకుండా నాన్న పంపడు, అత్త ఉంటే సారు రానివ్వరు. కాసేపటికి సారు గొంతు వినిపించింది: "ఇంకోచోట కడదాం. తల్లీ, మీరు ఈ తాడు కొస రెండు చేతులతోనూ పట్టుకోండి. వదిలారో లెక్కంతా పాడైపోద్ది."

ఆ వానాకాలమంతా అత్త రెండు చేతులా తాడు పట్టుకుని, కళ్లముందున్న కూరాకు కోయలేక సారుని తిట్టుకుంటూ నిలబడింది. నేను మాత్రం ప్రతిసారీ వెళ్లాను. ఇప్పుడు ఎక్కడైనా అడవుల పటం కనబడితే, జీపు టైరు చాటున ముక్కు చీదుకుంటున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. దగ్గరికెళ్లి, "లేవే, సారు పిలుస్తున్నారు" అని చెప్పాలనిపిస్తుంది.