పస్కా ముందురోజు అట్ల పిండి

పస్కా పండుగ ఎలా మొదలైందో ఒకళ్లు నాకు చెప్పక్కర్లేదు. బహ్రెయిన్‌లో సెలవురోజైన శుక్రవారాలు నడిచే మా సండేస్కూల్లో పిల్లలకు ఆ కథ చెప్పేది నేనే. యూదుల పూర్వీకులు ఐగుప్తులో తరతరాలుగా ఫరో రాజుకు బానిసలై ఇటుకలు చేశారు. ఒక రాత్రి దేవుడు వాళ్లను విడిపించాడు. పిండి పులిసేదాకా ఆగే తీరిక లేక, పొంగని రొట్టెలతోనే బయటపడ్డారు. ఆ తొందర మరిచిపోకూడదనే యూదులు ప్రతి వసంతంలోనూ పులియని రొట్టె తింటారు. ఇందులో పులిసిన పిండి చేసిన పాపమేమిటో నాకిప్పటికీ అర్థం కాదు.

మా చర్చి సంఘపెద్దకు మాత్రం అర్థమైందట. మా ఆయన కంపెనీలో మేనేజరు కూడా ఆయనే. ఆ ఏడు పస్కా అచ్చం మొదట్లో చేసినట్టే చేయాలని పట్టుబట్టి, సాయంత్రం ఆరాధన రిఫాలో మా ఫ్లాటులో పెట్టాడు. ముందురోజు వచ్చి, నా ఫ్రిజ్ తెరిచి, అట్ల పిండి గిన్నె తీసి గట్టుమీద పెట్టాడు.

"పులిసింది ఇంట్లో ఉండకూడదు చెల్లెమ్మా, పారబోసెయ్యి."

నా ఇంట్లో, నా ఫ్రిజ్! ఒళ్లు మండిపోయింది.

ఆ పిండి రుబ్బింది వంటింట్లో కూర్చున్న పిల్ల కోసం. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒకరింట పనికి కుదిరింది. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని దగ్గర; తలుపుకు బయటి తాళం. ఎప్పుడో బజార్లో నా తెలుగు విని ఫోన్ నంబరు తీసుకుంది. అంతకు రెండ్రోజుల ముందు వాళ్లు తాళం మరిచినప్పుడు, పొయ్యి మీద అన్నం కూడా దించకుండా కట్టుబట్టలతో వచ్చేసింది. రాగానే, "అక్కా, రెండట్లు పోత్తావా? అట్టు మొకం చూసి ఏడాదైపోయింది" అంది.

సంఘపెద్ద ఆ సంగతంతా అడిగి తెలుసుకున్నాడు. "ఇది మనకెందుకు? మీ ఆయన ఉద్యోగానికే ఎసరొస్తుంది. రేపు ఆరాధన అయ్యాక నేనే ఆ కఫీల్‌కి అప్పజెప్పి వస్తాను" అన్నాడు. మా ఆయన నేల చూపులు చూశాడు. ఆయన మీదా కోపమొచ్చింది. గిన్నెడు పిండి మీద అంత పట్టింపు ఉన్న పెద్దమనిషికి, ఎదురుగా ఏడుస్తున్న పిల్ల ఎవరో తెలియలేదా?

సంఘపెద్ద అటు వెళ్లగానే ఇటు పెనం పెట్టాను. ఆ పిల్ల కడుపునిండా తింది. మర్నాడు మా ఆయన డ్యూటీకి వెళ్లాక, ఆయనకు చెప్పకుండా టాక్సీలో ఇండియన్ ఎంబసీకి తీసుకెళ్లి, వాళ్లు లోపలికి పిలిచి ఉండనిచ్చేదాకా కదల్లేదు.

సాయంత్రానికి మా హాలు నిండిపోయింది. సంఘపెద్ద పొంగని రొట్టె చేతిలో పట్టుకుని అడిగాడు.

"ఆ అమ్మాయి ఏది చెల్లెమ్మా?"

"వెళ్లిపోయింది."

"ఎక్కడికి?"

"వెళ్లిపోయినవాళ్ల వెంటపడి తరిమింది ఫరో, అన్నయ్యగారూ. మీ చేతిలో ఉన్నది వెళ్లిపోయినవాళ్ల రొట్టె."