దీపం ఎక్కే కొండ

మా మరిదిగారు పోయారన్న కబురు రాజమండ్రి ఆసుపత్రి నుంచి ఫోనులో వచ్చింది. చెప్పింది మా పెద్దవాడు. పొద్దుటి దీపం అప్పుడే వెలిగించాను. రిసీవరు పెట్టేసి వచ్చి ఆ దీపం ఎదుట కూర్చున్నాను. అది కొండెక్కేదాకా లేవలేదు. దీపాన్ని అంత ఓపికగా చూడటం నాకు అలవాటు చేసింది ఆయనే.

కొవ్వూరులో చదువుకున్న మీలో చాలామందికి ఆయన సైన్సు మాస్టారు. నాకు మా వెనక గదిలో ఉండే మరిది. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక ఒక కెమెరా కొనుక్కున్నారు. కెమెరా ఉన్నవాళ్లు మనుషుల్ని తీస్తారు, గోదావరి మీద వంతెనల్ని తీస్తారు. ఈయన కుళాయి చివర వేలాడే బొట్టును తీసేవారు. లెన్సు విప్పి, వెనక్కి తిప్పి బిగించేవారు. అలా పెడితే చీమ తలకాయ కూడా ఫోటో నిండా వస్తుందట. అది మొదటిసారి చూసినప్పుడు, కొత్త వస్తువు పాడుచేశాడని మావారు తమ్ముడి మీద అలిగారు.

నల్లటి తెర కోసం పాత గొడుగు గుడ్డ ఊడదీసి గోడకు మేకులతో కొట్టారు. బొట్టు వెనక పెట్టే దీపం మంట కదలకూడదని తన గదిలో ఫ్యాను ఆపేవారు. తలుపు సందులోంచి గాలి వస్తోందని మా హాల్లో ఫ్యాను కూడా ఆపించారు. అది మే నెల.

"నీటిబొట్ల కోసం అంత అవస్థ ఎందుకురా? నా వీపు మీద కావలసినన్ని ఉన్నాయి, వచ్చి తీసుకో" అన్నారు మావారు.

చివరికి నేనే తీర్పు చెప్పాను. మధ్యాహ్నం మావారు కునుకు తీసి అరుగు మీదికి వెళ్లాకే ఫ్యాను ఆగాలి. ఆ మాట మా మరిది ఎన్నడూ దాటలేదు.

మాకు అసలు పేచీ మాట దగ్గర వచ్చింది. మంట పోయే క్షణాన్ని నీటిబొట్టులో పట్టుకోవాలని ఆయనకు బుద్ధి పుట్టింది. "వదినా, నేను చెప్పగానే ఆ దీపం ఆర్పండి" అన్నారు.

"ఈ ఇంట్లో దీపాన్ని ఎవరూ ఆర్పరు. అదే కొండెక్కుతుంది."

"ఏ కొండండి?"

"ఇన్నేళ్లు సైన్సు చెప్పావు. ఆ మాత్రం తెలియదా?"

"తెలియదండి. ఫోటో తీసి చూపిస్తాను. ఏ కొండో మీరే చెబుదురుగాని."

అది పంతం కాదు, ముచ్చట. కానీ ఆ ముచ్చట తీరడం అంత తేలిక కాలేదు. బొట్టు సూది మొనకు వేలాడాలి, దాని వెనక దీపం ఉండాలి. మామూలు నీళ్లు నిలవక జారిపోతున్నాయని మందుల షాపు నుంచి గ్లిజరిన్ తెచ్చి కలిపారు.

"అది నీళ్లెలా అవుతుందయ్యా?" అన్నాను.

"సగం నీళ్లేనండి."

"అయితే ఫోటో కింద నీటిబొట్టు అని రాయకు."

మర్నాడు గ్లిజరిన్ సీసా నా అలమరలోకి వచ్చింది. "మీ మడమల పగుళ్లకి పనికొస్తుందండి" అన్నారు. మళ్లీ మంచినీళ్లతోనే మొదలుపెట్టారు.

ఈలోగా ఆయన చేతులకు వణుకు పట్టుకుంది. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవారు. కెమెరాకు స్టాండు ఉంది, బొట్టుకు లేదు. సూది మొన దాకా తెచ్చిన నీళ్లు లుంగీ మీద పడేవి. డాక్టరు ఇది తగ్గేది కాదన్నారు. ఆ ఒక్క ఫోటో రాకుండానే కెమెరా పెట్టెలో పెట్టేయాల్సి వస్తుందని ఆయన బెంగ. లెన్సు తుడిచి గుడ్డలో చుట్టడం నేను చూశాను.

"గుడ్డ విప్పు. బొట్టు నేను పెడతాను" అన్నాను. ముగ్గులు పెట్టిన వేళ్లు నావి.

"దీపం ఎప్పుడు పోతుందో తెలియాలి కదండీ. బొట్టు అంతసేపు ఆగదు."

"నా పారాయణం ముగిసేసరికి పోతుంది. ఎంత నూనె పొయ్యాలో నాకు వదిలెయ్."

ఆ మధ్యాహ్నం కిటికీ రెక్క కాస్త తెరిచి, ఆ వెలుగు దీపం పక్కగా పడేట్టు చూసుకున్నాం. నేను పారాయణం చేస్తూ కూర్చున్నాను. చివరికి వస్తుండగా మంట కుంచించుకుపోయింది. సూది మొనకు బొట్టు తాకించి చెయ్యి తీశాను. మంట ఒక్కసారి లేచి, వత్తిని వదిలేసింది. కెమెరా టక్కుమంది.

కడిగించిన ఫోటోలు రాజమండ్రి నుంచి తెచ్చిన రోజు ఆయన చెప్పులు విప్పకుండా వంటింటి గుమ్మం దాకా వచ్చారు. నేను చెయ్యి తుడుచుకుని ఫోటో మీదికి వంగాను. ఆ ఫోటోలో బొట్టు నిండుగా ఉంది. నీటిబొట్టులో అన్నీ తలకిందులుగా కనిపిస్తాయి. ఎర్రటి వత్తి పైన ఉంది, తెల్లటి పొగ దారంలా కిందికి జారుతోంది.

"మీరు ఎక్కడం గురించే చెప్పారండి వదినా. ఇదిగో, దిగుతోంది చూడండి."

"ఫోటో తిరగేసి పట్టుకున్నావేమో చూసుకో" అన్నాను. గుమ్మానికి ఆనుకుని ఆయన నవ్విన నవ్వుకి, ఏమైందోనని మావారు అరుగు మీద నుంచి లేచి వచ్చారు.

"దగ్గరికెళ్లి చూస్తే పాత వస్తువంటూ ఏదీ లేదండి" అనేవారు మా మరిది. తనను మాత్రం దగ్గరి నుంచే కాదు, దూరం నుంచి కూడా ఎవరినీ తీయనివ్వలేదు. అందుకే పదకొండో రోజున పెట్టడానికి ఆయన ఫోటో ఒక్కటీ దొరకలేదు. బొట్టు ఫోటోనే పీట మీద పెట్టించాను. ముందు దీపం వెలిగించి, నేనే నూనె పోశాను. పారాయణం ముగిసేసరికి దీపం కొండెక్కింది. దాని పొగ మెల్లగా పైకి లేచింది. ఎదుట, ఆయన నీటిబొట్టులో, పొగ నెమ్మదిగా దిగి వస్తూనే ఉంది.