వట్టి ఆమ్లంలో సీసం

నేను దేన్నైనా రెండుసార్లు కొలిస్తేగానీ నమ్మను. అలాంటిదాన్ని చెబుతున్నాను... ఇది జరిగింది. అన్నం మీద ఒట్టు. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి.

రాయచూరులో మాది చిన్న ల్యాబు. శుద్ధి చేసిన బంగారంలో వేరే లోహాలేమైనా మిగిలాయా అని కొలుస్తాం. పది లక్షల పాళ్లలో ఒక్క పాలున్నా మా మిషను పట్టేస్తుంది. ఆ రాత్రి, ఒక సేటు కొలిమిలో పనిచేసే శేఖరప్ప శుద్ధి చేసిన బంగారం వంతు. అంతకుముందు ఆయన కడ్డీల్లో రెండుసార్లు సీసం తేలింది. ఇదీ పాడైతే రేపట్నుంచి పనికి రానక్కర్లేదని సేటు చెప్పేశాడట. కొలిమి దగ్గరే జుట్టు నెరిసిన మనిషి... అద్దం అవతల బల్ల మీద చేతులు ముడుచుకుని కూర్చున్నాడు.

ముందు వట్టి ఆమ్లం పెట్టి చూస్తాం. బంగారం కలపని ఆమ్లం. అందులో ఏమీ రాకూడదు. వచ్చింది. సీసం.

గొట్టాలు కడిగాను. కొత్త ఆమ్లం తెరిచాను. పంపు టిక్... టిక్... గ్యాసు సన్నగా బుసకొడుతోంది. మళ్లీ సీసం. ఈసారి ఇంకా ఎక్కువ. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమ్లమే శుభ్రంగా లేకపోతే బంగారం సంగతి నేనేం చెప్పాలి?

శేఖరప్ప అద్దం మీద తట్టాడు.

"అమ్మా, మీ రూలు నాకెరుకే గానీ... నీ ఎనకాల నిలబడ్డామె బొట్టు తీయలేదేందమ్మా?"

మా దగ్గర ఆడవాళ్లెవరూ బొట్టుతో లోపలికి వెళ్లరు. నాసిరకం కుంకుమలో సీసం ఉంటుంది. రేణువు రాలినా లెక్క తప్పుతుంది. ఆ రాత్రి కూడా నేను గడప దగ్గరే తుడుచుకున్నాను. లోపల ఉన్నది... నేనొక్కదాన్నే.

వెనక్కి తిరగలేదు. తిరగబుద్ధి కాలేదు. మెడ మీద చల్లగా లేదు, వేడిగా లేదు. పక్కన మనిషి నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉంది, అంతే. తెర వైపే చూస్తూ, మామూలు గొంతుతోనే అన్నాను.

"ఎవరైతే ఏందమ్మా... జర బయట నిలబడు. ఈ అన్న నౌకరి పోతది."

టిక్... టిక్... తర్వాత తలుపు తెరుచుకుంది. నెమ్మదిగా... మా తలుపుకి స్ప్రింగు ఉంది, గాలికి తెరుచుకోదు. మళ్లీ మూసుకుంది. టప్.

ఇంకోసారి వట్టి ఆమ్లం పెట్టాను. సున్నా. బంగారం కరిగించి పెట్టాను... సీసం లేదు. మళ్లీ చూశాను. లేదు. సంతకం చేసి ఇస్తే, ఆయన కాగితం కళ్లకద్దుకుని ఏడ్చేశాడు.

"ఇంక ఆమెను లోపలికి పిలువమ్మా," అన్నాడు పోతూ. "మెట్ల మీదనే కూసుంది, పాపం."

చూశాను. మెట్లు ఖాళీ. లైటు వెలుగులో ఒక్కో మెట్టూ కనిపిస్తోంది. శేఖరప్ప మాత్రం మధ్యలోంచి దిగలేదు. గోడకు ఒరుసుకుంటూ, ఎవరికీ కాలు తగలకుండా పక్కగా దిగిపోయాడు.

ముసలాయన కళ్లు అలసిపోయాయేమో. స్ప్రింగు వదులైందేమో. ఏమో, నాకైతే తెలియదు. తెల్లారి డ్యూటీ దిగి వెళ్లేటప్పుడు... నేనూ గోడ పక్కనుంచే దిగాను.