కండక్టరు గారి తడిగుడ్డ

ప్రార్థనా మందిరం నేలని కండక్టరు గారు మొదటిసారి సబ్బునీళ్ళతో కడిగిన రోజున, కమిటీ పెద్దాయన గుమ్మంలోంచి ఒక కాలు లోపల పెట్టి, రెండో కాలి అవసరం లేకుండానే వేదిక దాకా వెళ్ళిపోయారు. దారిలో ఏ బెంచీకీ తగల్లేదు. వేదిక మెట్టు దగ్గర కూర్చున్న భంగిమలో ఆగి, కళ్ళజోడు సరిచేసుకుని, "నేల బాగా వచ్చిందండీ" అన్నారు. మర్యాద తెలిసిన మనిషి.

కండక్టరు గారు ఇప్పుడు కండక్టరు కాదు. సిటీ బస్సులో చేసి రిటైరయ్యారు. ఉద్యోగం పోయినా పిలుపు మిగిలింది. తీరిక దొరికాక భార్య పక్కన బుద్ధిగా కూర్చుని ప్రార్థనకి కళ్ళు మూసుకునేవారు. మూసుకోగానే బస్సు బయలుదేరేది. అందరూ దేవుణ్ణి తలుచుకుంటుంటే ఆయన మనసులో ఎవరో ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ ఉండేవారు. పక్కన భార్య ముఖంలో ప్రశాంతత చూస్తే, ఇంటికంతా కరెంటు వచ్చి తన గదికి మాత్రం రానట్టు చిన్నతనంగా ఉండేది.

అందుకే మందిరం తుడిచే మనిషి మానేశాడని తెలియగానే, కనీసం ఆ పనైనా చేద్దామని వెళ్ళారు. రెండు నెలలు ఉత్త నీళ్ళతో బాగానే సాగింది. బస్సు అలవాటు ప్రకారం వెనక నుంచి ముందుకి ఒక్కో సీటూ తుడుచుకుంటూ వస్తారు. "జరగండి, జరగండి, ముందు ఖాళీ ఉంది" అని ఖాళీ బెంచీలకి చెబుతారు. కిటికీ పక్క చోటుకి రాగానే అక్కడ కూర్చునే టైలరమ్మ దగ్గు గుర్తొస్తుంది. పాపం, తగ్గితే బాగుండు అనుకుంటారు. మూల చోటు మోకాళ్ళ నొప్పుల మాస్టారిది. ఆయన కోసం కాస్త ఎక్కువసేపు తుడుస్తారు. ముందు బెంచీ చేరేసరికి లోపలి బస్సు ఎప్పుడో ఆగిపోయి, ఇంజను చప్పుడు కూడా ఉండదు. ఇదే ప్రార్థనేమోనని ఒకసారి అనుమానం వచ్చింది. ఈ వయసులో ఎవరినైనా అడిగితే నవ్విపోతారని ఊరుకున్నారు.

జారిపడ్డ మర్నాడు పెద్దాయన నడుముకి పట్టీ వేసుకుని కండక్టరు గారింటికి వచ్చారు.

"మీకెందుకండీ శ్రమ? జీతానికి ఎవరినైనా చూసుకుంటాం."

కండక్టరు గారి ప్రాణం ఉసూరుమంది. మళ్ళీ కళ్ళు మూసుకుని ఆ బస్సే ఎక్కాలన్నమాట.

"ఇక సబ్బు ముట్టనండీ. ఒట్టు."

పెద్దాయన ఆలోచించి ఆయన భార్య వైపు తిరిగారు. "ఏమ్మా, ఇంట్లో పని తీరు ఎలా ఉంటుంది? మీ మాట మీద వదిలేస్తాను."

ఆవిడ చేతిలో గరిటె ఆగింది. "ఇంట్లోనా? తాగిన గ్లాసు తియ్యరండీ! మందిరానికని చెప్పి కబుర్లకి వెళ్తున్నారనుకున్నా."

"అయితే ఓసారి చూసి చెప్పమ్మా."

మర్నాడు పొద్దున్నే ఆవిడ వెళ్ళి గుమ్మం పక్కన నిలబడింది. మొగుడు గారు మోకాళ్ళ మీద వంగి, బెంచీ కిందకి దూరి, టైలరమ్మ దగ్గు సంగతి బెంచీతో మాట్లాడుతున్నారు. తర్వాత భార్య రోజూ కూర్చునే చోటు వచ్చింది. అక్కడ ఆయన కాసేపు ఆగి, మెల్లగా ఏదో అన్నారు. ఆవిడకి వినపడలేదు.

ఆవిడ లోపలికొచ్చి తన బెంచీ మీద వేలితో రాసి చూసుకుంది. దుమ్ము లేదు. అయినా అలవాటు కొద్దీ చేతిరుమాలు తీసి మళ్ళీ ఓసారి తుడిచింది. ఆయన అది చూస్తూనే గుడ్డ పిండుకున్నారు.

"చేసుకోనివ్వండి అన్నయ్యగారూ," అని దారిలో పెద్దాయనకి చెప్పింది. "సబ్బు నేను దాచేస్తాను."

ఆ పైన మొగుడితో కలిసి ఇంటిదాకా నడిచింది. గేటు దాటగానే అందుకుంది.

"వంటింటి గట్టు తుడవమంటే నడుం నొప్పంటారు. అక్కడేమో బెంచీల కింద దాకా దూరతారు. నేనేం పాపం చేశాను?"

ఆయన గేటు గొళ్ళెం పెడుతూ తాపీగా అన్నారు.

"దేవుడు నేను తుడిచిన చోట మళ్ళీ తుడవడే."