మూడు పెట్టెల ఇసుక

డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో తనకు తెలియనిదంటూ ఏదీ ఉండదని మనిషి అనుకుంటాడు. పంతొమ్మిది వందల డెబ్బైల్లో నా పరిస్థితి అదే. ఘనపుటడుగు కంకర ఎంత తూగుతుంది, ఇటుక ఎంత, టేకు ఎంత అంటూ విశిష్ట భారాల పట్టిక మొత్తం కంఠతా వచ్చేది. (పెళ్ళిచూపుల్లో కూడా అప్పజెప్పాను. ఆ సంబంధం కుదరలేదు.) ఆ చదువుతోనే గవర్నర్‌పేటలో ఒక లాడ్జి కడుతుంటే సూపర్‌వైజరుగా చేరాను. అక్కడ ఇసుక దొంగను పట్టుకున్నానని మా పిల్లలకు చాలాసార్లు చెప్పాను. అది అబద్ధం. జరిగింది వేరు.

శనివారం సాయంత్రం కృష్ణా నది నుంచి బండ్ల మీద తడి ఇసుక వచ్చేది. చెక్క పెట్టెతో కొలిపిస్తే ఇరవై పెట్టెలు. సోమవారం పొద్దున సిమెంటులో కలపబోయే ముందు మళ్ళీ కొలిస్తే పదిహేడే. రెండు వారాలు ఇదే వరస. కాపలా ఉండేది చర్చి తాత. (ఆదివారం రెండు గంటలు ఆరాధనకు వెళ్తాడని మేం పెట్టుకున్న పేరు.) ఆ రెండు గంటలు తప్ప ఇసుక దగ్గర మనిషి లేని సమయం లేదు. నాకు విషయం తేలిపోయింది.

"తాతా, ఇసక ఎవరికిస్తున్నావ్?" అని కూలీలందరి ముందూ అడిగాను.

"నేనెవరికీ ఇయ్యలేదు బాబుగారూ."

"మరి రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని, "దొంగ అనిపించుకుని ఉండలేనండి" అని వెళ్ళిపోయాడు.

తరవాతి శనివారం నుంచి నేనే కాపలా. ఆదివారమంతా గొడుగేసుకుని, ఆ మండుటెండలో గుట్ట పక్కనే కూర్చున్నాను. ఇడ్లీ కూడా అక్కడికే తెప్పించుకున్నాను. సోమవారం కొలిస్తే పదిహేడు. (ఏమీ తోచక నా జేబులు కూడా తడుముకున్నాను.)

తాపీమేస్త్రి బీడీ ఆర్పి, "తడి ఇసక పొంగుద్దండి. ఎండితే కూర్చుంటది. మీ చదువులో లేదాండీ?" అన్నాడు. ఉంది. పరీక్షకు రాదని వదిలేసిన పేజీలో ఉంది. చెమ్మ రేణువులను ఎడంగా నిలబెడుతుంది కాబట్టి, తడి ఇసుకతో పెట్టె నిండుగా కనిపించినా అందులో ఇసుక తక్కువే. నేను కంఠస్థం చేసింది పొడి ఇసుక బరువు ఒక్కటే.

ఆ సాయంత్రం సైకిలు మీద కృష్ణలంకలో తాత ఇంటికి వెళ్ళాను. 'తప్పు నాది తాతా' అని దారంతా వల్లించుకున్నాను. తీరా గుమ్మంలోకి వెళ్ళాక, "రేపట్నుంచి పనిలోకి రా తాతా" అన్నాను.

"దొంగ దొరికాడా బాబుగారూ?"

"దొరికాడు." నోటికి అదే వచ్చింది. "కానీ పారిపోయాడు."

ఆయన మొహం తేటపడింది. "ఎంత ఇబ్బందిలో ఉన్నాడో పాపం. పోలీసోళ్ళకి చెప్పమాకండి" అంటూ కళ్ళు మూసుకుని, ఆ దొంగను క్షమించమనీ, వాడికి మంచి బుద్ధి ప్రసాదించమనీ ప్రార్థన మొదలుపెట్టాడు. నేను చెప్పులు విడిచి చేతులు కట్టుకు నిలబడ్డాను.

కూలీల ముందు అడిగిన మాటను కూలీల ముందు వెనక్కి తీసుకోలేదు. లాడ్జి పూర్తయ్యేదాకా తాత అక్కడే చేశాడు, దొంగే లేడని తెలియకుండానే. ఇప్పుడు ఆయన లేడు. నిజం చెప్పుకోవడానికి నాకు మీరే మిగిలారు.

ఆ ప్రార్థన చాలాసేపు సాగింది. అయ్యాక ఆయన భార్య నా వైపు చూసి, "ఆమేన్ అనాలి బాబూ" అంది. ఇరవై ఏళ్ళ ఆ సూపర్‌వైజరు ఎంత గట్టిగా అన్నాడంటే, పక్కింటివాళ్ళు తొంగి చూశారు.