నాలుగో పొట్టేలు

ఏళ్ల తరబడి ఒక బరువు మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అనకాపల్లిలో గొర్రెల వ్యాపారం మాది. కోటవురట్ల వైపు మంద ఉన్న ఒకతను నన్ను నోరారా "బావా" అని పిలిచేవాడు. ఒక బక్రీద్‌కి వారం ముందు అతని దగ్గర నాలుగు పొట్టేళ్లు కొన్నాను. మూడు రోజుల్లో వాటిలో మూడు, మూతులు వాచి, చొంగ కార్చుకుంటూ చచ్చాయి. నాలుగోది బతికింది గానీ కుంటుతోంది. పశువుల డాక్టరు చూసి నీలినాలుక జబ్బన్నాడు. ఆ వైరస్ వంశంలోవి గొర్రెల్నే కాదు, వరినీ, ఆఖరికి బూజునీ పట్టుకుంటాయట. గొర్రెల్లో మాత్రం దీన్ని కంటికి ఆనని దోమలు మోస్తాయట. నోటి పుళ్లకి ఎవరో అప్పటికే మందు రాశారని కూడా చెప్పాడు. అంటే తెలిసే అమ్మాడు. బావా అంటూనే గొంతు కోశాడు. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

మూడు పొట్టేళ్లు పోయాయని ఊరంతా చెప్పుకుని ఏడ్చాను. నాలుగోదాని సంగతి ఎత్తలేదు.

మా వీధిలో ఖాదర్ అని టైలరు. మంచం పట్టిన వాళ్లమ్మకి తన పేరు మీద ఒక్కసారైనా కుర్బానీ, అదే బక్రీద్ బలి, ఇవ్వాలని కోరిక. కుంటి జీవాన్ని ఇస్తే చెల్లదు. నాకు తెలియనిదా? పండగ ఉదయం దాన్ని ఖాదర్‌కి అమ్మడానికి ఆటోలో తీసుకెళ్లి, ఒక్క అడుగు కూడా వేయనివ్వకుండా నేనే ఎత్తుకెళ్లి వాళ్ల గుమ్మంలో నిలబెట్టాను.

"కాళ్లూ అవీ బాగున్నాయి కదన్నా? అమ్మీ పేరు మీద ఇత్తన్నాం," అన్నాడు.

"ఏటీ బెంగెట్టుకోకు. మా ఇంట్లో పెరిగిందే. నాది పూచీ."

ఆమె మంచం మీంచి చెయ్యి చాపి దాని నుదురు నిమిరింది. మరుసటి పండగకి ఆమె లేదు.

ఎందుకు చేశాను? నష్టానికి భయపడా? అది కొంతే. నన్ను నమ్మించి ముంచారు కదా, ఇక నేను మాత్రం ఎవరి కోసం మంచిగా ఉండాలన్న కసి ఒకటి పుట్టి, ముంచినవాణ్ణి వదిలేసి, నన్ను నమ్మినవాడి మీదికి పోయింది. తను ఏం మోస్తోందో దోమకి తెలియదు. నాకు తెలుసు.

ఇప్పటికీ టీ కొట్టు దగ్గర ఆ మూడు పొట్టేళ్ల మాట వస్తే నా తరఫున కోప్పడేది ఖాదరే.

"పాపం, మా అన్న మంచోడు కాబట్టే మోసపోయేడు," అంటాడు.

నేను తల ఊపుతాను. టీ తాగుతాను.

కొన్నవి నాలుగు. ఇంత చిన్న మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. ఖాదర్‌కి మాత్రం ఇంకా చెప్పలేదు.