పువ్వు మధ్యలో లేస్తే

“చొక్కాకు గుండీ ఒకటి తప్పింది, సూసుకో” అన్నాను నేను. “రైల్లో సరిచేసుకుంటాలే మే” అన్నాడు మా ఆయన. మా ఇద్దరి మధ్య చివరి మాటలు అవే. హిందూపురంలో మా అద్దె ఇంటి గడప దగ్గర. బెంగుళూరు పోయే పొద్దుటి రైలు ఎక్కాడు, మళ్ళీ దిగలేదు. కూర్చున్న చోటే గుండె ఆగిపోయిందన్నారు. ఆ రోజు ఆఫీసులో ఆయన చేయాల్సిన పని ఒకటి ఉంది. అదేమిటో ముందురోజే కనిపెట్టాడు. ఆ సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు, అందుకే ఇదంతా చెబుతున్నాను. రాసేది మా తమ్ముడి కూతురు. నాకు సంతకం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుంటాను, అంతే.

ఆయనది ధర్మవరం, పట్టు మగ్గాల ఇల్లు. అన్న మగ్గం పట్టుకున్నాడు, ఈయన చదువు పట్టుకున్నాడు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో బెంగుళూరులో ఒక చిన్న కంప్యూటర్ కంపెనీలో చేరాడు. వాళ్ళు చేసే పెట్టె పెద్ద పెద్ద ఆఫీసుల్లో తీగల మధ్య కూర్చుని, వచ్చే సమాచారాన్నంతా తనిఖీ చేసి, మంచిదాన్ని పోనిచ్చి చెడ్డదాన్ని ఆపుతుందట. ఆయన చీకటితో పోయి చీకటితో వచ్చేవాడు. పక్కింటివాళ్ళది కన్నడం, నాకు అప్పట్లో రాదు. పగలంతా నోరు తెరవకుండానే గడిచిపోయేది. అన్నం దగ్గర కూర్చున్నాక ఆయన తన పని చెప్పేవాడు. అర్థమయ్యేట్టు చెప్పమని మొండికేస్తే మగ్గం మీద పెట్టి చెప్పేవాడు.

చీర డిజైను కాగితం మీద గీస్తారు. మగ్గానికి కాగితం తెలియదు, బెజ్జాలు కొట్టిన అట్టలే తెలుసు. ఆ పెట్టె కూడా అంతేనట. ఏది ఆపాలో ఏది పోనివ్వాలో మనుషులు నియమాలు రాసిస్తారు. యంత్రం ఆ రాతను ప్రతిసారీ చదువుకుంటూ పోతే పని సాగదు. అందుకని నియమం అందగానే, యంత్రం నడుస్తుండగానే, దాన్ని యంత్రం భాషలోకి మార్చేసే ప్రోగ్రాం ఈయన రాశాడు. మగ్గం ఆడుతుంటే పక్కన కూర్చుని అట్ట కొట్టి తగిలించినట్టు. అదీ యంత్రం నడిబొడ్డులో. దాన్ని కెర్నెల్ అంటారు. ఆయన నోట విని విని ఆ మాట నాకూ పట్టుబడింది.

ఆ కెర్నెల్‌లో జాగా తక్కువ. పని చేసేవాడు చేతిలోవి కాసేపు పెట్టుకోవడానికి స్టాక్ అని చిన్న చోటు ఉంటుంది. ఒకరి తర్వాత ఒకరు అందులోనే సర్దుకోవాలి. దాన్ని మా అత్తగారింటి చాపలతో చెప్పాడు. ఆ ఇంట్లో మగ్గం పోగా మిగిలింది ఒక నడవంత. గోడ నుంచి వాకిలి వైపు వరసగా చాపలు పరిచేవాళ్ళం. పొద్దున వాకిలి దగ్గర పడుకున్న మనిషి ముందు లేచి చాప చుట్టాలి, ఆ తర్వాతే లోపలివాళ్ళు. కొత్త కోడలిని కాబట్టి వాకిలి చాప నాది. చుట్టకుండా పోతే అత్త వీధంతా వినబడేలా తిట్టేది. స్టాక్ కూడా అంతే, చివర వచ్చినవాడు ముందు ఖాళీ చేయాలి. చేయకుండా పోతే, లోపలివాడు లేచి తన చాప అనుకుని వేరే చాప పట్టుకుంటాడు. తాను ఎక్కడికి తిరిగిపోవాలో ఆ గుర్తు తన చాప కిందే దాచుకుని ఉంటాడు. అది దొరకదు. యంత్రం మొత్తం పడిపోతుంది.

ఒక ఆఫీసులో ఆ పెట్టె అట్లాగే పడిపోతూ వచ్చింది. రోజూ కాదు, ఎప్పుడో ఒకసారి. ఎందుకో ఎవరికీ తెలియదు. ఆ భాగం రాసింది ఈయన కాబట్టి అందరూ ఈయన వైపే చూశారు. అన్నం సగంలో లేచిపోయేవాడు. నాతో మాటలు తగ్గిపోయాయి. నాకు ఉన్నవే ఆ మాటలు.

ఆ ఆదివారం ధర్మవరం పోయాం. బావ, తోడికోడలు మగ్గం మీద ఉన్నారు. మా ఆయన గోడకు ఆనుకుని తింటున్నాడు. అత్త బావను కూడా పిలిచింది. బావ తల ఎత్తకుండానే ఈ పువ్వు దిగనీ అన్నాడు. వాళ్ళ పద్ధతి అది. పువ్వు పూర్తయ్యేదాకా లేవరు, లేస్తే మళ్ళీ కూర్చునేటప్పుడు ఎక్కడున్నామో తప్పిపోతుందని. ఇంతలో పొయ్యి మీద పాలు పొంగిన వాసన. తోడికోడలు పోగు విసిరే నాడె అక్కడే వదిలేసి ఒక్క ఉరుకున పోయింది.

మా ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది.

“మధ్యలో లేసింది” అన్నాడు.

“లేయక? పాలు పొంగుతాంటే పువ్వు సూసుకుంటా కూర్చోమంటావా?” అన్నాడు బావ. “నీ కంప్యూటర్‌కు పాలు లేవు, నీళ్ళు లేవు. తినప్పా.”

“దానికీ పొంగుతాయన్నా. అదే నేను అనుకోలే.”

తిరుగు రైల్లో పెనుకొండ దాటాం. తర్వాత నా వైపు తిరిగాడు.

“మగ్గమోళ్ళ ఇంట్లో పుట్టిన బుద్ధి మే. మొదలుపెట్టినోడు కడదాకా నేసే లేస్తాడనుకున్నా. చాప చుట్టేది కడాకు మాత్రమే రాసినా.”

కొంత సమాచారం చెడ్డదని మొదటి చూపులోనే తేలిపోతుందట. అప్పుడు నియమం కడదాకా పోకుండా మధ్యలోనే లేచిపోతుంది. చిన్న నియమాలకు చాపే అక్కర్లేదు, వాటితో ఏమీ కాలేదు. పెద్ద నియమం వచ్చి, చాప పరిచి, మధ్యలో లేచిపోయినప్పుడే పడిపోయింది.

“ఎవురు యాడ లేసినా ఒకే వాకిలికి రావాల. ఆడ చాప చుట్టినాకే బయటికి. రేపు పోతానే రాసేస్తా.”

నన్ను తిరిగి చెప్పమన్నాడు. చెప్పాను. ఎదురుగా కూర్చున్న ముసలాయన మీది చాపల వ్యాపారమా అని అడిగాడు. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం చూశాను. తెల్లారి పోయాడు.

పెద్దకర్మ రోజు ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. వాకిలి వెనక నిలబడి అంతా చెప్పాను, చాపలు, ఒకే వాకిలి, పాలు పొంగడం కూడా. వాళ్ళు తల ఊపారు. ఒకాయన కళ్ళు దించుకున్నాడు. అత్త నన్ను లోపలికి లాగింది. పిచ్చి పట్టింది పాపం అనుకుని ఉంటారు. వాళ్ళ చోట ఉంటే నేనూ అట్లాగే అనుకునేదాన్ని.

కొన్ని నెలలకు, నేనింకా హిందూపురంలోనే ఉండగా, ఇంటి ఓనరు ఫోనుకు ఆ ఇద్దరిలో ఒకాయన చేశాడు. ఆ పెట్టె రోగం దొరికిందని చెప్పాడు. చాలా వెతికారట. అన్ని దారులనూ ఒకేచోటికి తిప్పారట, ఇప్పుడు పడిపోవడం లేదట.

“ఆయన ఆదివారమే కనిపెట్టినాడప్పా. మీకు చెప్తి కదా” అన్నాను.



“ఆయన ఉండింటే మాకంటే ముందే కనిపెట్టేవాడమ్మా” అన్నాడు.

మంచివాడు. నన్ను ఊరడించడానికే అన్నాడు. ఫోను పెట్టేశాను.

వాళ్ళను తప్పు పట్టను. వాళ్ళు కష్టపడ్డారు, వాళ్ళకు దొరికింది, వాళ్ళు రాశారు. ఆ పని వాళ్ళదే. కానీ ఆ ఆదివారం ఆయనది. దానికి సాక్షిని నేను ఒక్కదాన్నే. తర్వాత పెనుకొండకు వచ్చి తమ్ముడి ఇంట్లో ఉంటున్నాను. పిండి జల్లిస్తూ, బట్టలు ఆరేస్తూ ఆయన చెప్పింది చెప్పినట్టే నాలో నేను చెప్పుకుంటాను. మరదలు వచ్చి ఎవరితో మాట్లాడుతున్నావు వదినా అని అడుగుతుంది. పోయిన ఏడు ఆ చాప కింద గుర్తు సంగతి ఎంత తలుచుకున్నా రాలేదు. ఎవరిని అడగను? కొన్నాళ్ళకు దానంతట అదే వచ్చింది. ఆ రోజే అనుకున్నాను, ఇది నా తలలో పెట్టుకుంటే నాతోనే పోతుందని.

ఏం పాపా, చెయ్యి నొప్పి పుడతాందా? ఇంగ రాయొద్దులే. మొదటి నుంచి సదువు, నిదానంగా. ఆయన చెప్పినట్టు లేని కాడ ఆపుతా.